వెనక పేజీలో ఉందిగా

మంగళవారం పొద్దున్న ఎనిమిది గంటలకి సిగ్రున్ ఆఫీసు తాళం తీద్దామని వచ్చేసరికి ఎయిలిఫ్ ముసలాయన అప్పటికే మెట్ల మీద నిలబడి ఉన్నాడు. సన్నగా వాన పడుతోంది. గొడుగు లేదు, టోపీ లేదు. చేతిలో మాత్రం ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఒక ఉత్తరం. ఆయన తడిసి ముద్దయ్యాడు గానీ ఉత్తరం మీద చుక్క నీరు పడలేదు.

"లోపలికి రండి, నానిపోయారు," అంది సిగ్రున్ సైకిలు గోడకి ఆనిస్తూ.

"నానితే ఆరతాను. నా పలకలు ఎక్కడున్నాయమ్మా?"

ఏ పలకలో ఆమెకి అర్థం కాలేదు. మా స్కార్‌విక్ ఇళ్ల సంఘంలో పద్నాలుగు భవనాలు, రెండు వందల పన్నెండు గడపలు. ఆ గడపలన్నిటికీ వెళ్లే ప్రతి నోటీసూ, ప్రతి ఉత్తరమూ రాసేది సిగ్రునే. నీళ్లు ఆపేస్తున్నామన్నా ఆమే రాయాలి, లిఫ్టు చెడిపోయిందన్నా ఆమే రాయాలి, ఎవరి కుక్కో పిల్లల ఇసుకలో పాడుపని చేసిందన్నా మర్యాదగా ఆమే రాయాలి. కాబట్టి ఎవరికి ఏది పోయినా మొదట ఆమె బల్ల దగ్గరికే వస్తారు. పలకల సంగతి మాత్రం కొత్త.

ఎయిలిఫ్ కవర్లోంచి ఉత్తరం తీసి బల్ల మీద పరిచాడు. మూడు వారాల కింద వెళ్లిన దుగ్నాడ్ ఉత్తరం అది. ఏటా మే పదిహేడున దేశం పండుగకి జెండాలు కట్టే ముందు, ఒక శనివారం భవనాల వాళ్లందరూ కలిసి ఆకులూడ్చి, కంచెలకి రంగులేసి, కలిసి తింటారు కదా, దాని పిలుపు. "ప్రియమైన ఇరుగుపొరుగు మిత్రులారా! మంచు కరిగింది, బర్చ్ కొమ్మలకి లేత ఆకు తొడిగింది..." అంటూ మొదటి పేజీ అంతా ఎండా, ఆకులూ, వేడివేడి వాఫుల్సూ. ఎయిలిఫ్ పెన్సిలుతో నాలుగు చోట్ల గీత గీసుకున్నాడు. అంచున తన చేతిరాతతో 'బ్రష్ మనదే తీసుకెళ్లాలి' అని రాసుకున్నాడు.

"పదింటికి రమ్మన్నారు. పావుతక్కువ పదికే వచ్చా. పాత బట్టలు వేసుకోమన్నారు, వేసుకున్నా. తూర్పు వైపు కంచె అంతా నేనొక్కణ్ణే వేశా, కావలిస్తే వెళ్లి చూసుకో. బేస్‌మెంట్లో నా గది ఖాళీ చేసేస్తామని ఇందులో ఎక్కడుంది? నాకు చూపించు."

ఎక్కడుందో సిగ్రున్‌కి తెలుసు. కాగితం తిప్పింది. బళ్లు ఎక్కడ నిలపాలో చెప్పిన పేరా కింద, ఇంట్లో వాఫుల్ పెనం ఉన్నవాళ్లు తెమ్మని చెప్పిన పేరా కింద, రంగు డబ్బాల మూతలు గట్టిగా బిగించమన్న మాట పక్కనే ఉంది ఆ ఒక్క ముక్క: 'బేస్‌మెంట్ గదుల్లో పేరు చీటీ అంటించని వస్తువులు అదే రోజు చెత్త కంటైనర్లో వేయబడతాయి.'

ఎయిలిఫ్ కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచి, పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

"వెనక పేజీలో ఉంది," అంది సిగ్రున్. అంటూనే తన మీద తనకే అసహ్యం వేసింది.

"ముప్పయ్యొక్క పలకలు," అన్నాడు ఆయన నెమ్మదిగా. "పడవ పక్కటెముకల వంపుకి అచ్చులు. నాలుగు రకాల పడవలవి. పడవలు కట్టడం నేర్పే బడివాళ్లు జూన్‌లో వచ్చి పట్టుకెళ్తామన్నారు. చూసేవాడికి పాత చెక్కముక్కల్లాగే ఉంటాయిలే." కళ్లజోడు మళ్లీ తీశాడు. "శనివారం ఇద్దరు మనుషులు గోనెపట్టాల్లో చుట్టి ఏవో మోసుకుపోతుంటే బయటి తలుపు నేనే తీసి పట్టుకున్నా. పాపం, చేతులు ఖాళీ లేవు కదా అని."

సిగ్రున్ ఫోను తీసి కంటైనర్ వాళ్లకి చేసింది. సోమవారం మధ్యాహ్నమే కాల్చేశారన్నారు. ఫోను బల్ల మీద బోర్లించింది. ఆమె మొహం చూసి ఆయనే తలాడించాడు.

అప్పుడే తలుపు తోసుకుంటూ ఇంగ్విల్ వచ్చింది. ఎయిలిఫ్ చెల్లెలి కూతురు. బడి వంటగదిలో పని, ఆ తెల్ల కోటు మీదే పరిగెత్తుకొచ్చింది. "మావయ్యా! ఇంట్లో లేవు, ఫోనెత్తవు, ఎంత కంగారు పడ్డానో తెలుసా?" అని అరిచి, బల్ల మీద ఉత్తరం చూసి, సంగతి విని, కుర్చీలో కూలబడింది. "ఉత్తరం అందరికీ వచ్చింది కదా మావయ్యా. నువ్వు చదివావు. మర్చిపోయావు, అంతే."

"మర్చిపోలేదు," అన్నాడు ఎయిలిఫ్.

"పోయిన నెల పొయ్యి మీద గిన్నె కూడా మర్చిపోలేదన్నావు."

ఆయన ఉత్తరాన్ని మళ్లీ కవర్లో పెట్టుకుని, కవరు అంచు రెండుసార్లు నొక్కి, బయటికి నడిచాడు. ఇంగ్విల్ వెనకే లేచి, మళ్లీ సిగ్రున్ బల్ల దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"శుక్రవారం పదింటికి మునిసిపాలిటీ నర్సు వస్తోంది. ఆయన ఒక్కడూ ఉండగలడో లేదో చూసి రాసుకుపోతుంది. కొండ మీద వృద్ధుల హోమ్‌లో ఒక గది ఖాళీ అయ్యిందట, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. నాకొక్క కాగితం ఇప్పించండి. ఆయనకి చెప్పారా, లేదా? అదొక్కటే. సరిగ్గా చెప్పినా ఆయన బుర్రలో నిలవలేదంటే, నేనూ గుండె రాయి చేసుకుని పంపించేస్తాను. చెప్పలేదంటే..." కోటు చేతితో కళ్లు తుడుచుకుంది. "పెద్దవాళ్ల విషయంలో ఊహల మీద నిర్ణయాలు చెయ్యలేనండీ."

సిగ్రున్ "రాసిస్తాం" అంది. మాట ఇచ్చేసింది గానీ, ఏం రాస్తుందో ఆమెకే తెలియదు.

సంఘం మేనేజరు ఆడ్వార్. చెడ్డవాడని మా ఊళ్లో ఒక్కరూ అనరు. చర్చి పాటల బృందాన్ని ఇరవయ్యేళ్లుగా నడుపుతున్నాడు, ఎవరింట్లో చావైనా మొదట కాఫీ ఫ్లాస్కుతో వెళ్లేది ఆయనే. ఆయనకున్న పిచ్చల్లా ఒక్కటే. చెడు మాట ముందుగా చెప్పడానికి ఆయన ప్రాణం ఒప్పదు. సిగ్రున్ రాసిన ప్రతి ఉత్తరాన్నీ ఎర్ర పెన్నుతో కిందామీదా చేసి, పువ్వులు పైకి, ముళ్లు కిందికి పంపించేస్తాడు.

ఆ మధ్యాహ్నం సంగతంతా విని ఆయన నిజంగానే బాధపడ్డాడు. కిటికీ దగ్గరికి వెళ్లి తూర్పు కంచె వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పాపం, ఎంత శ్రద్ధగా వేశాడో చూడు. అంచులు కూడా వదల్లేదు." వెనక్కి తిరిగాడు. "మంచి ఉత్తరం రాయి సిగ్రున్. వెచ్చగా ఉండాలి. కంచెకి ధన్యవాదాలు చెప్పు. జెండాల రోజు మా బృందం పాడుతోందని చెప్పు, ముందు వరసలో కుర్చీ వేస్తామని చెప్పు. తర్వాత, సమాచారం ఫలానా తేదీన అందరికీ ఇచ్చాం అని ఒక ముక్క. రెండు పేజీలు ఉండాలి సుమా. ఒక్క పేజీ అయితే కసిరినట్టుంటుంది."

"నేను మొదట రాసినప్పుడు కంటైనర్ సంగతి అన్నిటికంటే పైన పెట్టాను, గుర్తుందా?"

"గుర్తుంది. ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలోనే కొడతామా? ముందు కూర్చోబెట్టాలి, కాఫీ పొయ్యాలి, ఆ తర్వాత చెప్పాలి. మన పద్ధతది."

"వాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయారు. అసలు మాట వినకుండానే."

ఆడ్వార్ నొచ్చుకున్నాడు. "తప్పు మాది అని మాత్రం రాయకు," అన్నాడు గొంతు తగ్గించి. "బీమా వాళ్లు పట్టుకుంటారు. రేపు ఎల్లుండిలో నాకు చూపించు."

సిగ్రున్ బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. ఆయన్ని తిట్టుకుందామనుకుంది గానీ కుదరలేదు. దుగ్నాడ్ ఉత్తరం రాసిన రోజు ఎర్ర పెన్ను గీతలు చూసి పళ్లు కొరుక్కుని, "సరే" అని, ఆ ముక్కని వెనక పేజీకి తన చేతుల్తో తనే మార్చింది. వాదించొచ్చు. వాదించలేదు. ఆ సాయంత్రం పెందలాడే ఇంటికెళ్లాలనుకుంది, అంతే కారణం.

బుధవారం ఆమె సొరుగులోంచి కత్తెర తీసింది. ఏదైనా ఉత్తరం మొండికేసిందంటే ఆమె చేసే పని ఇదే. కాగితాన్ని వాక్యానికో ముక్కగా కత్తిరించి, బల్ల మీద పేకముక్కల్లా పరుస్తుంది. ఎవరు చదువుతారు, వాళ్లు ఏం చెయ్యాలి, ఎప్పటిలోగా చెయ్యాలి, ఈ మూడూ చెప్పే ముక్కలు పైకి. మిగతావి కిందికి. ఏమీ చెప్పని ముక్కలు చెత్తబుట్టలోకి.

దుగ్నాడ్ ఉత్తరం ఇరవై ఆరు ముక్కలయింది. కంటైనర్ ముక్క పై నుంచి లెక్కపెడితే ఇరవై రెండోది. చెయ్యకపోతే నష్టం వచ్చే పని అన్నిట్లోకీ అదొక్కటే. వాఫుల్స్ గురించి మాత్రం నాలుగు ముక్కలున్నాయి.

పదకొండున్నరకి టూవె తన రొట్టె ముక్కల డబ్బా పట్టుకుని వచ్చింది. తాళాలూ, ఫోన్లూ చూసేది టూవె. సిగ్రున్ రాసిన ప్రతిదీ ముందు ఆమెకే చదివి వినిపిస్తుంది. టూవె నవులుతూ వింటుంది. నవలడం ఆపి కళ్లు చిట్లించిందంటే ఆ వాక్యం బాగాలేదన్నమాట.

"ఏంటే ఇది, కాగితాలు కోసి పండుగ తోరణాలు కడుతున్నావా?"

"శనివారం కంటైనర్లో ఏమేస్తారో నీకు ముందే తెలుసా టూవె?"

టూవె బ్రౌన్ చీజ్ ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "కంచెల పాత చెక్కలే కదా?"

"వెనక పేజీ చదవలేదా?"

"ఆ ఉత్తరాలు మడతపెట్టి కవర్లలో పెట్టిందే నేను తల్లీ. రెండు వందల పన్నెండు. ఒక్కదాని వెనక కూడా చూడలేదు. వాఫుల్స్ అన్నాక ఇంకేం చదువుతాం?" అని, నవ్వబోయి, సిగ్రున్ మొహం చూసి నవ్వు మింగేసింది.

సిగ్రున్ వాన కోటు వేసుకుని లేచింది. ఎయిలిఫ్ ఉండే నాలుగో భవనంలో తొమ్మిది తలుపులు తట్టింది. ప్రతిచోటా ఒకటే ప్రశ్న: కంటైనర్ సంగతి ముందుగా తెలుసా? మా ఊరి సంగతి మీకు తెలియంది కాదు, ఏదైనా పోతే ఎదుటివాణ్ణి అడగం, మనమే ఏదో పొరపాటు చేసి ఉంటాంలే అని నోరు మూసుకుంటాం. మూడో అంతస్తులో ఒకామె తన పిల్లల స్కీలు పోయాయని గుసగుసగా చెప్పింది. "నేనే సరిగ్గా చదవలేదేమో అని ఊరుకున్నానండీ, సిగ్గేసి." కింది అంతస్తులో బడి పంతులుగారికి కుట్టుమిషను పోయింది. ఆయనకీ సిగ్గే. తొమ్మిది గడపల్లో సంగతి తెలిసినవాడు ఒక్కడు. కంటైనర్ లారీ నడిపింది వాడే.

ఎయిలిఫ్ తలుపు మాత్రం తట్టలేదు. మెట్ల మీద ఆ తలుపు ముందు ఒక నిమిషం నిలబడింది. లోపల రేడియోలో సముద్రం వాతావరణం చదువుతున్నారు, ఆయన దగ్గుతున్నాడు. ఏ మొహం పెట్టుకుని తట్టాలో తెలియక దిగిపోయింది.

ఆఫీసుకొచ్చి ఒక ఉత్తరం రాసింది. చిన్నది. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. టూవెకి చదివి వినిపిస్తే టూవె నవులుతూనే ఉంది, చివరి దాకా.

"ఆడ్వార్ దీని మీద సంతకం పెడతాడనుకుంటున్నావా?" అంది టూవె, అంతా అయ్యాక.

"చచ్చినా పెట్టడు."

"మరి?"

సిగ్రున్ ఆ కాగితాన్ని సొరుగులో అడుగున పెట్టేసింది. అప్పుడొచ్చింది ఆమెకి ఆ దొంగ ఆలోచన.

గురువారం మధ్యాహ్నానికి రెండు పేజీల ఉత్తరం తయారయింది. అచ్చం ఆడ్వార్ మెచ్చే ఉత్తరం. మొదటి పేజీలో వసంతం వచ్చింది, పక్షులు వచ్చాయి, తూర్పు కంచె ఊరంతటికీ అందం తెచ్చింది, జెండాల రోజు పాటలకి ముందు వరసలో కుర్చీ వేశారు. కాగితం తిప్పితే, పాటల కార్యక్రమం వేళల కింద, వానొస్తే కార్యక్రమం చర్చి హాల్లో అన్న ముక్క కింద, చల్లగా ఇలా ఉంది: 'మీ పలకలు పారేసింది మేమే. ఆ సంగతి మీకు కనబడే చోట చెప్పలేదు. తప్పు మాది, మీరేమీ మర్చిపోలేదు.' ఆ కింద సంతకానికి చోటు.

ఆడ్వార్ నిలబడే చదివాడు. మొదటి పేజీ చదువుతూ గొంతులో ఏదో పాట కూనిరాగం తీశాడు. "చూశావా, ఎంత వెచ్చగా ఉందో! ఇలా రాస్తావని నాకు తెలుసు." కాగితం తిప్పాడు, కన్ను తిన్నగా కిందికి జారింది, పెన్ను తీశాడు, సంతకం పెట్టాడు. పూర్తిగా అర నిమిషం కూడా పట్టలేదు.

సిగ్రున్‌కి నవ్వొచ్చింది. ఆయన మందు ఆయనకే పట్టించానని సంబరపడింది. కవర్లో పెట్టి, కోటు కూడా వేసుకోకుండా, నాలుగో భవనానికి నడిచింది.

కింద మెట్ల దగ్గర వరసగా ఉత్తరాల పెట్టెలు. ఎయిలిఫ్ పెట్టె మీద పేరు చెక్క మీద చెక్కి ఉంది, ఆయన చేతిపనే. మూత ఎత్తింది. కవరు సగం లోపలికి తోసింది.

అక్కడ ఆగిపోయింది ఆమె చెయ్యి.

ఎయిలిఫ్ ఈ ఉత్తరం ఎలా చదువుతాడు? బల్ల మీద పరుచుకుని, పెన్సిలు పట్టుకుని, మొదటి పేజీలో ముందు వరస కుర్చీ కింద గీత గీసుకుంటాడు. అంచున 'మంచి కోటు వేసుకోవాలి' అని రాసుకుంటాడు. కవర్లో పెట్టేస్తాడు. నర్సు వస్తుంది. ఆమెకి ఇంటికి అరగంట చొప్పున రోజుకి ఎన్ని ఇళ్లో. మొదటి పేజీ చూసి, పాటల కార్యక్రమం పిలుపు కాబోలు అనుకుని పక్కన పెడుతుంది. ఆ మూడు ముక్కల కోసం తాను పడ్డ పాట్లన్నీ మళ్లీ వెనక పేజీలోనే మురిగిపోతాయి. ఆడ్వార్‌ని దాటించింది, నిజమే. చేరాల్సిన మనిషిని కూడా దాటించేసింది.

"ఛీ," అంది పైకే. కవరు బయటికి లాగేసింది.

ఆమె తిరిగొచ్చేసరికి ఆడ్వార్ కోటు వేసుకుని, పాటల పుస్తకం చంకలో పెట్టుకుని బయల్దేరుతున్నాడు.

"ఇందాక సంతకం పెట్టిన ఉత్తరం ఒకసారి చదవండి."

"చదివాగా. బాగుంది. ఆలస్యమవుతోంది నాకు."

"వెనక పేజీ."

ఆమె గొంతులో ఏముందో గానీ ఆయన ఆగాడు. కాగితం అందుకున్నాడు, తిప్పాడు. పెదవులు కదుపుతూ చదివాడు. మెడ దగ్గర ఎరుపు మొదలై చెవుల దాకా పాకింది.

"ఇది నేను సంతకం పెట్టానా?"

"పెట్టారు."

"నన్ను మోసం చేశావు సిగ్రున్."

"చేశాను. అందుకే పట్టుకొచ్చి మీ చేతిలో పెట్టాను. ఉద్యోగంలోంచి తీసేస్తానంటే తీసెయ్యండి, నేనేమీ అనను." ఉత్తరం వెనక పేజీ వేలితో చూపించింది. "కానీ నేను దాచలేదు. మీరు ఎక్కడ పెట్టమంటారో అక్కడే పెట్టాను. సంఘం మేనేజరు మీరు. చురుకైన కళ్లు మీవి. రాసిన నేను ఎదురుగా నిలబడే ఉన్నాను. అయినా మీకే కనబడలేదు. వంటింట్లో ఒక్కడూ కూర్చుని భూతద్దంతో చదువుకునే మనిషికి కనబడాలా? కనబడకపోతే ఆయన బుర్ర చెడిపోయిందని రేపు కాగితం మీద రాసి పట్టుకుపోతారు!"

ఆడ్వార్ పాటల పుస్తకం బల్ల మీద పెట్టి, టూవె కుర్చీలో, కోటుతోనే కూర్చున్నాడు. సిగ్రున్ బల్ల మీద కత్తిరించిన ముక్కలు ఇంకా అలాగే పరిచి ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ పోయాడు. బర్చ్ ఆకు. ఎండ. వాఫుల్స్. మళ్లీ వాఫుల్స్. కంటైనర్ ముక్క దొరికేదాకా చాలాసేపే పట్టింది. దొరికాక దాన్ని వేలి కింద నొక్కిపట్టి ఉంచాడు.

"ఇంకా ఎవరికైనా తెలియలేదా?"

"తొమ్మిది ఇళ్లలో అడిగాను. ఎనిమిది ఇళ్లవాళ్లకి తెలియదు. టూవెకీ తెలియదు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, అందరికీ సిగ్గు."

"ఆయన తలుపు పట్టుకున్నాడన్నావు కదూ."

"ఆ."

ఆయన మొహం రెండు చేతుల్తో రుద్దుకున్నాడు. మంచి మనిషికి తన మంచితనం వల్లే ఒకరికి దెబ్బ తగిలిందని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నాడు. సిగ్రున్‌కి జాలేసింది.

"నువ్వు ఇంకోటి రాసే ఉంటావు," అన్నాడు చివరికి. "నాకు తెలీదా నీ సంగతి? తియ్యి."

సొరుగు అడుగున ఉన్న కాగితం తీసి ఇచ్చింది. అందులో ఉన్నదంతా ఇంతే:

'ఎయిలిఫ్ గారికి,

శనివారం మీ ముప్పయ్యొక్క అచ్చు పలకలను మేము బేస్‌మెంట్లోంచి తీసి పారేశాం. వాటిని కాల్చేశారు. తిరిగి తేలేం.

అలా చేస్తామని మీకు సరిగ్గా చెప్పలేదు. ఆ మాట ఉత్తరం వెనక పేజీలో అడుగున పెట్టాం. మీ భవనంలో తొమ్మిది ఇళ్లలో అడిగాం, ఎనిమిది ఇళ్లవాళ్లు దాన్ని చూడలేదు.

మీరు ఏదీ మర్చిపోలేదు. తప్పు మాది. క్షమించండి.

ఈ ఉత్తరం ఎవరికి కావాలంటే వాళ్లకి చూపించండి.'

ఆడ్వార్ ఒక్క ఊపిరిలో చదివేశాడు. అలవాటుగా కాగితం తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు.

"ఇందులో ఒకటి సరిగ్గా లేదు."

సిగ్రున్ ఒక అడుగు ముందుకి వేసింది.

ఆయన 'అడుగున పెట్టాం' తర్వాత చిన్న గుర్తు పెట్టి, పైన తన గుండ్రటి అక్షరాల్లో రాశాడు: 'ఆ మాటని అక్కడికి మార్పించింది నేను, ఆడ్వార్.' ఒక క్షణం ఆలోచించి పెన్ను మూత పెట్టేశాడు.

"బీమా వాళ్లో?" అంది సిగ్రున్.

"వాళ్లకి కూడా ఇదే పంపిస్తా. చదువుకోనీ." లేచి కోటు సర్దుకున్నాడు. "ఉద్యోగం సంగతి మళ్లీ ఎత్తకు. ఇలా ఇంకోసారి చెయ్యకు కూడా. చెప్పాల్సింది ఉంటే నా మొహం మీదే చెప్పు."

"మొహం మీద చెబితే గుమ్మంలో కొట్టినట్టుంటుందేమోనని..."

"వెళ్లి టైపు చెయ్యి," అన్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని మీసం చూస్తే తెలిసిపోయింది.

సిగ్రున్ టైపు చేసింది. ఆడ్వార్ వాక్యం తర్వాత తనది కూడా ఒకటి చేర్చింది: 'వద్దని చెప్పకుండా మార్చింది నేను, సిగ్రున్.' ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ రోజు పాటల బృందం ఆడ్వార్ లేకుండానే అరగంట సాధన చేసిందట.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆమె ఎయిలిఫ్ తలుపు తట్టింది. ఈసారి ఆలోచించలేదు. తలుపు తీసింది ఇంగ్విల్. వంటగది తళతళలాడుతోంది, గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి, ఎయిలిఫ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పరీక్షకి వచ్చినవాడిలా బల్ల దగ్గర నిటారుగా కూర్చున్నాడు. ఆ చొక్కా చూస్తే సిగ్రున్‌కి ఏడుపొచ్చినంత పనయింది.

"ఉత్తరం తెచ్చాను."

ఆయన లేచి, నిలబడే అందుకున్నాడు. భూతద్దం కోసం చెయ్యి జాపి, మళ్లీ అక్కర్లేదనుకున్నాడేమో, కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకున్నాడు. చివరి దాకా చదివాడు. ఇంగ్విల్‌కి ఇచ్చాడు.

ఇంగ్విల్ చదివి, మళ్లీ చదివి, బల్ల మీద మోచేతులు ఆనించి ఏడ్చేసింది. "మావయ్యా, నేను నిన్ను ఒక్క మాట కూడా అడగలేదు. మర్చిపోయావనేశాను."

"గిన్నె నిజంగానే మర్చిపోయాను," అన్నాడు ఆయన. "అది వేరే."

నర్సు సరిగ్గా పదింటికి వచ్చింది. చురుకైన మనిషి, పొట్టి జుట్టు, చేతిలో ప్రశ్నల కాగితం. ఎయిలిఫ్ ఉత్తరాన్ని ఆమె ముందు పెట్టాడు. ఆమె కూర్చోకుండానే చదివింది. చదివాక కూర్చుంది. తన కాగితం మీద ఇంగ్విల్ ఫోన్లో చెప్పగా ముందే రాసుకొచ్చిన, పలకల మాట మర్చిపోయాడన్న వరసని అడ్డంగా కొట్టేసింది.

"పొయ్యికి తనంతట తనే ఆగిపోయే మీట పెట్టించుకోండి," అంది. "మిగతావి మాట్లాడుకుందాం. ఆ పలకల కొలతలు ఎక్కడైనా రాసి పెట్టుకున్నారా?"

"లేదు."

"అయ్యో. అయితే పోయినట్టేనా?"

ఎయిలిఫ్ ఆమె వైపు వింతగా చూశాడు. ఉత్తరం వెనక్కి తీసుకున్నాడు. తిప్పాడు. వెనక పేజీ తెల్లగా ఉంది. చెవి మీంచి పెన్సిలు తీసి, చెయ్యి ఎత్తకుండా ఒకే గీతగా ఒక వంపు లాగాడు. వంపు పక్కన పై నుంచి కిందికి అంకెలు వెయ్యడం మొదలుపెట్టాడు, ఎక్కడా ఆగకుండా, ఒక్కటీ కొట్టెయ్యకుండా. నర్సు తన ప్రశ్నలు అడగడం మానేసి చూస్తూ కూర్చుంది. మూలన '1' అని రాసి చుట్టూ సున్నా చుట్టాడు.

"ఇంకా ముప్పై ఉన్నాయి," అన్నాడు. "ఇంత చిన్న కాగితం మీద కుదరదమ్మా. పూర్తి సైజులో గీస్తే గానీ బడివాళ్లకి పనికిరాదు."

సిగ్రున్ ఫోను తీసి ఆడ్వార్‌కి మెసేజీ పెట్టింది. 'పెద్ద కాగితం కావాలి, మనిషి ఎత్తుది, ముప్పయ్యొక్క షీట్లు. ఎయిలిఫ్ ఇంటికి. ఇప్పుడే.'

ఆడ్వార్ మెసేజీలు ఎప్పుడూ వాతావరణంతో మొదలవుతాయి. ఆమె ఫోను జేబులో పెట్టుకునే లోపే జవాబు వచ్చింది.

'తెస్తున్నా.'